పైకి గట్టి, లోపల పిండి: పాత ఏసీ పైపులపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లోంచి ఒక్క విషయమే తీసుకున్నాం: ఏసీ పైపులు, అంటే ఆస్బెస్టాస్ (రాతినార) సిమెంటు గొట్టాలు. 1970ల నుంచి 1990ల దాకా మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో మంచినీటి పథకాలకు చాలా చోట్ల వీటినే పరిచారు. తుప్పు పట్టవు, చవక, లోపల నున్నగా ఉంటాయి కాబట్టి అప్పట్లో ఆ ఎంపికను తప్పుపట్టలేం. కానీ ఇప్పుడు అవి ఒక్కొక్కటే పగులుతున్నాయి. అతుకు వేసేవాళ్లు వాటిని ఎలా కోస్తున్నారన్నది మమ్మల్ని అంతకంటే ఎక్కువ కలవరపెడుతోంది.

ప్రశ్న: మా ఊరికి 1986లో వేసిన 100 మిల్లీమీటర్ల ఏసీ లైను ఉంది, పొడవు సుమారు 3 కిలోమీటర్లు. ప్రతి ఎండాకాలం పగులుతోంది. పోయిన ఏడాది నాలుగు చోట్ల పోయింది. నిలువునా చీలదు, రంపంతో కోసినట్టు అడ్డంగా తెగుతుంది. ఏసీ పైపుకు 50 ఏళ్ల ఆయుష్షు, ఇంకా పదేళ్లు ఢోకా లేదని అంటున్నారు. మాది నల్లరేగడి నేల. ఏం చేయాలి?
(సర్పంచ్, ప్రకాశం జిల్లా)

జవాబు: 50 ఏళ్లు అన్నది డిజైను లెక్కల్లో పెట్టుకునే అంకె. పైపుకు అది తెలియదు. మంచి ఇసుక పరుపు మీద, సున్నం తగినంత ఉన్న నీటితో 70 ఏళ్లు నిలిచే లైన్లుంటాయి. అదే పైపు 25 ఏళ్లకే చేతిలో చిదిమితే చిదిరే చోట్లూ ఉంటాయి. మీ దగ్గర పగులు ఆకారమే కారణం చెబుతోంది.

80, 100, 150 మిల్లీమీటర్ల చిన్న పైపులు అడ్డంగా తెగాయంటే అవి వంగి విరిగాయని అర్థం. లోపలి నీటి ఒత్తిడి ఎక్కువైతే నిలువునా చీలతాయి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలు బారుతుంది. 4 మీటర్ల పైపుకు ఒక కొస కింద మట్టి దిగిపోయి, రెండో కొస గట్టిగా పట్టుకుని ఉంటే, మధ్యలో అది దూలంలా బరువు మోయాలి. సిమెంటు నొక్కుడును తట్టుకున్నంతగా వంపును తట్టుకోదు. అందుకే మార్చి నుంచి మే దాకా మీకు ఈ తిప్పలు.

దీనికి జాయింటు కారుడు తోడవుతుంది. సీఐడీ జాయింటు అంటే పోత ఇనుప కాలరును బోల్టులతో బిగించే, విప్పదీయగల అతుకు. అందులోని రబ్బరు రింగు గట్టిపడి చిన్నగా చెమ్మ వదులుతుంది. పైన మట్టి తడి కూడా కాదు, కింద మాత్రం పరుపు కొట్టుకుపోతుంది. పగిలిన చోటు జాయింటు నుంచి మీటరు లోపల ఉంటే ముందు ఆ జాయింటునే అనుమానించండి.

ఈసారి తెగినప్పుడు గొయ్యిని పగులు చుట్టూ మాత్రమే తవ్వొద్దు. రెండు వైపులా జాయింట్లు కనబడేదాకా తవ్వించండి. పైపు మధ్యలో చిన్న ముక్క అతికితే పాత గొడవకు రెండు కొత్త జాయింట్లు చేరతాయి, అంతే. మొత్తం 4 మీటర్లు తీసి మార్చడమే మేలు. కింద 150 మిల్లీమీటర్ల ఇసుక, పక్కలకు ఇసుక, పైపు నెత్తిన మరో 150 మిల్లీమీటర్లు ఇసుక. జాయింటు ఉన్న చోట పరుపులో చిన్న గుంట వదలాలి, లేకపోతే పైపు బరువంతా కాలరు మీద నిలబడుతుంది. తవ్వి తీసిన రేగడి గడ్డలనే మళ్లీ పైపు మీద పోయించారో, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అక్కడికే రావలసి వస్తుంది.

ఇక లైను మొత్తం మార్చాలా అన్న మాట. యూటా స్టేట్ యూనివర్సిటీ అమెరికా, కెనడా నీటి సంస్థల నుంచి లెక్కలు సేకరించింది. ఏసీ పైపులకు 2012లో 100 మైళ్లకు ఏడాదికి 7.1 పగుళ్లు ఉండేవి, 2018 నివేదికలో అవి 10.4కు పెరిగాయి. మన కొలతలో 100 కిలోమీటర్లకు ఆరున్నర. మీ 3 కిలోమీటర్లకు నాలుగు పగుళ్లంటే 100 కిలోమీటర్లకు 133 అన్నమాట, దాదాపు 20 రెట్లు. ఇది అతుకులతో నెట్టుకొచ్చే దశ కాదు. అయితే మూడు కిలోమీటర్లూ ఒకేసారి అడగక్కర్లేదు. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి పగులుకూ తేదీ, చోటు, అడ్డమా నిలువా, జాయింటు నుంచి ఎంత దూరం, మట్టి రకం రాయించండి. నాలుగు పగుళ్లూ ఒకే అర కిలోమీటరులో ఉండొచ్చు. ముందు ఆ అర కిలోమీటరు మార్చండి. రేగడిలో నేలతో పాటు వంగే హెచ్‌డీపీఈ (గట్టి పాలిథీన్) పైపు నయం. ఐఎస్ 4984 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న: బోరు మోటారు నుంచి ట్యాంకుకు పోయే 10వ క్లాసు ఏసీ లైను నిలువునా బారెడు చీలింది. కరెంటు పోయి వచ్చిన రోజుల్లోనే ఇలా జరుగుతోంది. మోటారు పెద్దది కాదు. గేజీ మీద ఒత్తిడి ఎప్పుడూ 4 కిలోలు దాటలేదు.
(పంపు ఆపరేటర్, నల్లగొండ జిల్లా)

జవాబు: గేజీ ముల్లు చూపేది నిలకడగా పారేటప్పటి ఒత్తిడి. కరెంటు పోయిన క్షణంలో వచ్చే దెబ్బను అది పట్టుకోలేదు.

ఐఎస్ 1592 ప్రకారం 10వ క్లాసు అంటే ఫ్యాక్టరీలో చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి పెట్టి పరీక్షించిన పైపు. వాడుకకు అంతా పనికొస్తుందనుకోకూడదు. మోటారుతో తోసే లైనుకు అందులో సగం, అంటే 5 కిలోలు. ఎత్తు నుంచి దానంతటదే దిగే లైనుకు మూడింట రెండు వంతులు. ఇది కొత్త పైపు సంగతి.

ఇప్పుడు దెబ్బ లెక్క చూడండి. ఏసీ పైపులో ఒత్తిడి అల సెకనుకు సుమారు వెయ్యి మీటర్ల వేగంతో పోతుంది. సెకనుకు 1 మీటరు వేగంతో పారే నీరు ఉన్నట్టుండి ఆగితే పుట్టే అదనపు ఒత్తిడి దాదాపు 100 మీటర్ల నీటి ఎత్తు, అంటే 10 కిలోలు. మీ 4కు ఇది కలిస్తే 14. పైపు గోడ కూడా అరిగి ఉంటే చీలడంలో వింత లేదు.

మోటారు ఆగగానే ముందుకు పోతున్న నీరు కాసేపు అలాగే సాగి, తిరిగి వెనక్కి వస్తుంది. ఎన్‌ఆర్‌వీ (నీటిని వెనక్కి రానివ్వని వాల్వు) తలుపు అప్పటిదాకా తెరిచే ఉండి, వెనక్కి వచ్చే నీటితో ఠపీమని మూసుకుంటే అసలు దెబ్బ అక్కడ పుడుతుంది. మోటారు ఆగిన సెకను, రెండు సెకన్లకు 'ఠాప్'మని చప్పుడు వినబడుతోందా? అయితే ఎన్‌ఆర్‌వీ మార్చాలి. స్ప్రింగుతో త్వరగా మూసుకునే రకం పెడితే నీరు వెనక్కి తిరిగేలోపే తలుపు పడుతుంది.

రెండో అనుమానం ఎయిర్ వాల్వుల మీద. లైనులో మిట్ట ఉన్న ప్రతిచోటా అవి పనిచేయాలి. బంతి అంటుకుపోయినా, కారుతోందని ఎవరైనా చెక్క కొట్టి మూసేసినా గాలి లోపలే చిక్కుకుంటుంది. కరెంటు తిరిగి రాగానే నీరు ఆ గాలిని నొక్కుకుంటూ వెళ్లి అవతలి నీటిని గుద్దుతుంది. కరెంటు పోయినప్పుడే కాదు, వచ్చినప్పుడూ పగలడానికి కారణం ఇదే. ఆటో స్టార్టరు ఉంటే తీసేయించండి. కరెంటు వచ్చాక కనీసం అయిదు నిమిషాలు ఆగి, డెలివరీ వాల్వు పావు వంతు తెరిచి మోటారు వేయండి. లైను నిండాక రెండు మూడు నిమిషాల్లో మెల్లగా పూర్తిగా తిప్పండి. మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారును వాల్వు పూర్తిగా మూసి నడపొద్దు.

నిలువు చీలికకు క్లాంపు వేయకండి. క్లాంపు అంచు దాటి చీలిక పాకుతుంది. ఆ పైపు తీసేయాల్సిందే.

ప్రశ్న: మా పట్టణంలో పాత ఏసీ పైపుల నీళ్లే ఇంటికి వస్తాయి. వీటివల్ల క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. చిన్నపిల్లలున్న ఇల్లు. కాచి తాగితే సరిపోతుందా?
(గృహిణి, తెనాలి)

జవాబు: భయపడకండి అని ఊరికే చెప్పి వదిలేయం. ఏది తెలుసో అది చెబుతాం.

రాతినార పోగులు ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా అనే పొర క్యాన్సర్ వీటివల్ల వస్తాయని స్థిరపడింది. పీల్చిన ఎన్నో ఏళ్లకు, చాలాసార్లు 20 నుంచి 40 ఏళ్ల తర్వాత, జబ్బు బయటపడుతుంది. తాగే నీటితో కడుపులోకి పోయే పోగుల సంగతి వేరు. వాటివల్ల హాని జరుగుతుందని నిలకడైన ఆధారం లేదంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ నీటిలో రాతినారకు పరిమితి అంకె పెట్టలేదు. అయినా పోగులు నీటిలో చేరకుండా వీలైనంత తగ్గించాలనే చెబుతోంది. అమెరికా మాత్రం ముందుజాగ్రత్తగా లీటరుకు 70 లక్షల పోగులు, అదీ 10 మైక్రాన్ల కంటే పొడవైనవి, అని పరిమితి పెట్టుకుంది.

కాచినంత మాత్రాన పోగు పోదు. ఇంట్లో ఆర్‌ఓ గానీ అల్ట్రా ఫిల్టరు గానీ ఉంటే అవి ఆపుతాయి. లైను రిపేరు జరిగిన రోజు మొదటి నీళ్లు బురదగా, బూడిద రంగులో వస్తే తేటపడేదాకా వదిలేయండి. ఆ రోజు తాగడానికీ వంటకూ పట్టుకోవద్దు.

మీ పిల్లల విషయంలో మీరు ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఇంకొకటి. రోజుకు గంటా రెండు గంటలే నీళ్లు వదిలే ఊళ్లలో, మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. కారే జాయింటు పక్కనే మురుగు కాలువ ఉంటే, వాల్వు కట్టిన వేళ ఆ మురుగే లోపలికి పీల్చుకుపోతుంది. వాంతులు, విరేచనాలు, కామెర్లు ఇలా వస్తాయి. అందుకు కాచడం పనికొస్తుంది. నీళ్లు వదిలేవాళ్ల దగ్గర క్లోరోస్కోప్ (నీటిలో క్లోరిన్ ఎంతుందో చూసే సాధనం) ఉంటుంది. వీధి చివరి కొళాయి దగ్గర పరీక్షించమని అడగండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర సరిగా ఉండి మీ వీధిలో సున్నా వస్తుంటే, మధ్యలో ఏదో లోపలికి చేరుతోందని అనుమానించాల్సిందే.

ప్రశ్న: ఏసీ పైపు కోయడానికి గ్రైండరు వాడుతున్నాం. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఈ మధ్య ఒకాయన వాడొద్దన్నాడు. రంపంతో కోస్తే గంట పడుతుంది, ఊరు మొత్తం నీళ్ల కోసం ఎదురుచూస్తుంటుంది. సరైన పద్ధతి ఏది?
(ఫిట్టరు, కరీంనగర్ జిల్లా)

జవాబు: ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ సంచికలో మీరు ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి.

గొట్టంగా నేలలో ఉన్నంతకాలం రాతినార సిమెంటులో బందీగా ఉంటుంది. గ్రైండరు చక్రం దాన్ని పొడి చేసి మీ ముఖానికి అడుగు దూరంలో గాలిలోకి కొడుతుంది. గొయ్యిలో గాలి ఆడదు. ఆ తెల్లటి దుమ్ము బట్టలకు అంటుకుని ఇంటికి వస్తుంది, ఉతికేవాళ్ల ఊపిరిలోకి పోతుంది. ఇవాళ దగ్గు రాదు, మంట పుట్టదు, అందుకే ఎవరూ నమ్మరు. గ్రైండరు, పెట్రోలు కట్టరు, కరెంటు డ్రిల్లు, పొడిగా బ్రషింగు, సుత్తితో పగలగొట్టడం: ఏసీ పైపు మీద ఇవేవీ వద్దు.

అసలు కోయకుండా బయటపడే దారి ముందు చూడండి. జాయింటు నుంచి జాయింటు దాకా మొత్తం పైపు ఊడదీస్తే కోత అక్కర్లేదు. సీఐడీ బోల్టులు తుప్పు పట్టి తిరగకపోతే బోల్టునే హాక్సా బ్లేడుతో కోయండి, పైపును ముట్టుకోకుండా. అడ్డ పగులు ఒక్కటే ఉండి, చుట్టూ పైపు గట్టిగా ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు చుట్టు క్లాంపు చాలు. దానికీ కోత అక్కర్లేదు. పైపు గట్టిదో కాదో తెలియాలంటే తడి చేసి చాకు మొనతో గీయండి. గీత మాత్రమే పడితే గట్టిది. మొన దిగిందంటే క్లాంపు బిగించగానే పైపు నలుగుతుంది. ఎంసీల్ పూసి సైకిల్ ట్యూబు చుట్టడం మరుసటి రోజు దాకా నీళ్లు ఆపడానికి తప్ప దేనికీ పనికిరాదు.

కోయక తప్పకపోతే ఇలా.

రెండు వైపులా వాల్వులు కట్టి, స్కవర్ వాల్వు (లైను అడుగున నీరు బయటికి వదిలే వాల్వు) తెరిచి లైను ఖాళీ చేయండి. గొయ్యి పైపుకు రెండు పక్కలా అడుగున్నర, పైపు కింద అడుగు ఉండాలి. చేయి ఆడకపోతే కోత వంకరపోతుంది. గొయ్యిలో నీరు పైపు అడుగుకు కిందే ఉండేలా తోడుతూ ఉండండి, లేకపోతే కోయగానే బురద లోపలికి పోతుంది. పైపును బాగా తడపండి. ఒకరు కోస్తుంటే ఇంకొకరు కోత మీద సన్నగా నీళ్లు పోస్తూనే ఉండాలి. పెద్ద పళ్ల చేతి రంపం గానీ హాక్సా గానీ వాడండి. గొలుసు కట్టరు దొరికితే మరీ మంచిది, గొలుసు బిగిస్తే పైపు చుట్టూ గీత పడి టక్కున విడిపోతుంది, పొడి రాదు. మెత్తబడ్డ పైపు మీద మాత్రం గొలుసు పనిచేయదు, నలిపేస్తుంది.

గుడ్డ కట్టుకుంటే లాభం లేదు. కరోనా రోజుల ఎన్95 కూడా రాతినారకు చాలదు. రబ్బరు ముఖకవచానికి పీ100 ఫిల్టర్లు పెట్టుకోవాలి, లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం. గడ్డం ఉంటే అంచు సందుల్లోంచి గాలి లోపలికి పోతుంది. పని బట్టలు విడిగా పెట్టుకోండి, అక్కడే తడిపి సంచిలో వేసి, ఇంటి బట్టలతో కలపకుండా ఉతకండి. గుత్తేదారు ఇవి ఇవ్వనంటే ఇంజినీరును అడగండి. రాతినార సిమెంటు వస్తువుల జాగ్రత్తల మీద ఐఎస్ 11769 మొదటి భాగం ఉందని చెప్పండి.

చాలామంది ఇరుక్కునేది కోశాక. ఏసీ పైపు కొసలు జాయింటు కూర్చోవడానికి ఫ్యాక్టరీలో నున్నగా చెక్కి ఉంటాయి. మధ్య భాగం గరుకుగా, కాస్త లావుగా ఉంటుంది. మధ్యలో కోసిన మొనకు మామూలు సీఐడీ కాలరు ఎక్కదు. అప్పుడు ఆకురాయి పెట్టి అరగదీస్తారు, మళ్లీ దుమ్ము. దానికి బదులు గొయ్యి తవ్వగానే టేపు పైపు చుట్టూ తిప్పి కొలవండి. వచ్చిన అంకెను 3.14తో భాగిస్తే బయటి వ్యాసం. చుట్టుకొలత 383 మిల్లీమీటర్లు వస్తే వ్యాసం 122. గరుకు భాగం, నున్నటి కొస రెండూ కొలిచి, ఆ రెంటికీ సరిపోయే విస్తృత కొలతల కప్లింగు తెప్పించండి. '100 మిల్లీమీటర్ల పైపు' అని మాత్రమే చెప్పి సామాను తెస్తే కుదరదు. ఏసీ పైపుకు 100 అన్నది లోపలి వ్యాసం, క్లాసు మారితే గోడ మందం మారి బయటి వ్యాసం మారుతుంది. పీవీసీ, హెచ్‌డీపీఈలకు చెప్పే అంకె బయటి వ్యాసం.

జాయింటు బిగించేటప్పుడు రబ్బరు రింగుకు గ్రీజు, నూనె పూయొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలు. రెండు పైపుల మొనలు ఒకదానికొకటి ఆనకూడదు, మధ్యలో 5 మిల్లీమీటర్లయినా సందు వదలండి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకే వైపు కసిగా బిగిస్తే మొన అక్కడే పగులుతుంది, పగులు నెల తర్వాత గానీ కనబడదు.

కొత్త ముక్క లోపల, కప్లింగు లోపల 1 శాతం క్లోరిన్ నీళ్లతో తుడవండి. లీటరు నీటికి 30 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు కలిపితే ఆ బలం వస్తుంది. ఆ తర్వాత లైను మెల్లగా నింపండి. గాలి పోయేలా అవతలి వాల్వు కొద్దిగా తెరిచే ఉంచండి. కోసిన ముక్కలు, కోత బురద, గుడ్డలు తడిగానే మందపాటి పాలిథీన్ సంచిలో వేసి మూతికట్టి, దాన్ని ఇంకో సంచిలో వేయండి.

ప్రశ్న: కొండ ఊటను ట్యాంకులోకి మళ్లించి ఏసీ లైనుతో మూడు ఊళ్లకు ఇస్తున్నాం. ఇంతవరకు పెద్దగా పగల్లేదు. కానీ కొళాయి జాలీల్లో సన్నటి బూడిద రంగు నార చేరుతోంది. పైపులో ఇంకెంత బలం ఉందో తవ్వకుండా తెలుసుకోవచ్చా?
(ఇంజినీరింగ్ అసిస్టెంట్, గ్రామ సచివాలయం, పాడేరు ప్రాంతం)

జవాబు: జాలీలో నార కనబడిందంటే పైపు లోపలి పొర విడిపోతోంది. మీరు సరైన సమయంలో అడిగారు.

సిమెంటు గడ్డకట్టాక అందులో కొంత విడి సున్నం ఉంటుంది. పైపును గట్టిగా పట్టి ఉంచేది ఆ క్షారగుణమే. కొండ ఊట నీరు వాన నీరంత తేలిక. దానిలో సున్నం లేదు కాబట్టి దొరికిన చోటల్లా కరిగించుకుంటుంది. ముందు విడి సున్నం, తర్వాత సిమెంటు బంకలోని సున్నం కూడా. చివరికి ఆకారం అలాగే ఉండి, తడి సుద్దలాంటి పదార్థం, నార మిగులుతాయి. కింద మైదానంలో బోరు నీళ్లు కఠినంగా ఉండి పైపులో తెల్లటి పెచ్చు కడతాయని విసుక్కుంటాం గానీ, ఏసీ పైపుకు ఆ పెచ్చే కవచం.

తవ్వకుండా చేసే పరీక్షలు రెండున్నాయి. మొదటిది నీటి దూకుడు సూచిక. పీహెచ్, మొత్తం క్షారత, కాల్షియం కాఠిన్యం పరీక్ష చేయించండి. క్షారతనూ కాఠిన్యాన్నీ కాల్షియం కార్బొనేటు లెక్కలో లీటరుకు మిల్లీగ్రాముల్లో తీసుకుని, రెంటినీ గుణించి, ఫోను క్యాలిక్యులేటరులో లాగ్ నొక్కి, దానికి పీహెచ్ కలపండి. పీహెచ్ 6.8, క్షారత 40, కాఠిన్యం 30 అనుకుందాం. 40ని 30తో గుణిస్తే 1200, లాగ్ 3.08, మొత్తం 9.88. అమెరికా నీటి సంఘం ఏసీ పైపులకు పెట్టిన హద్దుల ప్రకారం 12, ఆ పైన నీరు పైపును తినదు. 10కీ 12కీ మధ్య కొంత తింటుంది. 10 కంటే తక్కువైతే తీవ్రంగా తింటుంది. పోల్చి చూడండి: పీహెచ్ 8, క్షారత 150, కాఠిన్యం 100 ఉన్న నీటికి సూచిక 12.18.

రెండోది ఇంకా తేలిక. రాత్రంతా నీళ్లు కదలకుండా ఉంచి, తెల్లవారి ట్యాంకు దగ్గరా లైను చివరా పీహెచ్ చూడండి. ట్యాంకులో 6.8 ఉండి చివర 8 దాటితే, ఆ తేడా పైపు నుంచి కరిగిన సున్నమే.

పైపులో మిగిలిన బలం తెలియాలంటే మాత్రం ముక్క చూడాల్సిందే. ఒక్కసారి ఎక్కడైనా తెగినప్పుడు అడుగు పొడవు ముక్క దాచండి. తడిపి, పట్టకారుతో అంచు కొంచెం విరిచి కొత్త ముఖం బయటపెట్టండి. కోసిన ముఖం మీద సున్నపు బురద పాకి మోసం చేస్తుంది, అందుకే విరవమంటున్నాం. నీళ్లతో కడిగి, తడి అద్ది, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. హైస్కూలు ల్యాబులో ఉండేదే, ఆల్కహాలులో 1 శాతం. సున్నం మిగిలిన చోట చటుక్కున గులాబీ రంగు తిరుగుతుంది. తినేసిన చోట రంగు రాదు. స్కేలు పక్కన పెట్టి వెంటనే ఫోటో తీయండి.

గోడ మందం 12 మిల్లీమీటర్లు ఉండి, గులాబీ పట్టీ 7 మాత్రమే ఉందనుకోండి. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్ల పైపుకు, 5 కిలోల ఒత్తిడి దగ్గర కొత్తప్పుడు గోడ మీద పడే లాగుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 21 కిలోలు. ఇప్పుడు 36. వాల్వు ఠక్కున మూసి 10 కిలోల దెబ్బ తగిలితే 107. కొత్త పైపు రోజూ మోసిన దానికి అయిదు రెట్లు. ఇప్పటిదాకా పగల్లేదు కదా అని ఊరుకోకూడదనేది అందుకే. నీటి దూకుడుకు అరిగిన పైపు ముందుగా చెప్పి పగలదు.

ఒక జాగ్రత్త. బయటి వైపు గాలిలోని కార్బన్ డయాక్సైడు తగిలిన పొర కూడా రంగు తిరగదు, కానీ గట్టిగానే ఉండొచ్చు. కాబట్టి రంగు రాని పొరను చాకుతో గీసి చూడండి. రెండూ కలిపి చూస్తేనే తీర్పు. ఒక్క ముక్కతో లైనంతటికీ లెక్క కట్టొద్దు, ట్యాంకు దగ్గరి ముక్క, మధ్యది, చివరిది కావాలి. ట్యాంకు దగ్గరి భాగం ముందుగా అరుగుతుంది, అక్కడ నీటి ఆకలి ఇంకా తీరలేదు కదా.

అరుగుదలను నెమ్మది చేయాలంటే ట్యాంకుకు ముందు సున్నపురాయి చిప్స్ నింపిన తొట్టి కట్టి నీటిని అందులోంచి పారించండి. పీహెచ్, క్షారత, కాల్షియం మూడూ కలిసి పెరుగుతాయి. సూచిక 12కు చేరకపోయినా 11 దాటితే పెద్ద తేడా. పీహెచ్ 8 దాటనివ్వొద్దు, ఆ పైన క్లోరిన్ బలం తగ్గుతుంది. పోయిన గోడ మాత్రం తిరిగి రాదు. కొత్త లైనుకు అంచనా ఇప్పుడే పంపండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల పక్కన పోయే ఏసీ లైనులో పైపు బాగానే ఉంది, జాయింట్లు మాత్రం వరుసగా ఊడుతున్నాయి.
(కోనసీమ జిల్లా)

జవాబు: ఉప్పు నీరు ముందు మామూలు ఇనుప బోల్టులను తింటుంది. ఊడిన జాయింటు బోల్టులన్నీ మార్చండి, విరిగినవి మాత్రమే కాదు. స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వేడి జింకు పూతవి గానీ పెట్టి, తారు పూసి, జాయింటును పాలిథీన్ షీటుతో చుట్టి కప్పండి. పైపు బాగానే ఉందన్న మాటను కూడా ఒకసారి పరీక్షించండి. గొయ్యిలో ఊరిన నీటిలో సల్ఫేటు ఎంతుందో పరీక్ష చేయించండి. కాంక్రీటుకు ఐఎస్ 456 లీటరుకు 300 మిల్లీగ్రాముల దగ్గర మొదటి గీత గీసింది. సముద్రపు నీటిలో అది 2,700 దాకా ఉంటుంది. సల్ఫేటు సిమెంటును బయటి నుంచి ఉబ్బించి పొరలు పొరలుగా లేపుతుంది. ఫినాఫ్తలీన్ ఇక్కడ బయటి అంచున రంగు చూపకపోతే కారణం అదే కావచ్చు.

ప్రశ్న: ఇంటి కొళాయి కోసం ఫిట్టరు ఏసీ పైపుకు నేరుగా రంధ్రం కొట్టి, జనుము చుట్టిన నిపిల్ (మర ఉన్న చిన్న గొట్టం ముక్క) బిగించాడు. ఏడాది తిరగకుండా అక్కడే పగిలింది.
(వరంగల్)

జవాబు: ఏసీ గోడకు మర పట్టదు. కొళాయి కనెక్షను ఎప్పుడూ సాడిల్ మీదే ఇవ్వాలి. పైపు చుట్టూ పట్టీతో బిగించి, కింద రబ్బరు ఉండే రకం. రంధ్రం చేతి డ్రిల్లుతో, నీళ్లు పోస్తూ. రెండు రంధ్రాలు దగ్గర దగ్గరగా వద్దు, జాయింటుకు అర మీటరు లోపల అసలే వద్దు.

ప్రశ్న: పైపులైను మార్చి, పాత ఏసీ పైపులు మా బడి ప్రహరీ పక్కన కుప్ప పోశారు. పిల్లలు ముక్కలతో ఆడుకుంటున్నారు. రోడ్డు గుంతల్లో కొట్టి వేస్తామంటున్నారు.
(ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్ జిల్లా)

జవాబు: కొట్టనివ్వకండి. ఇవాళే ఆ కుప్పకు తాడు కట్టించి పిల్లలను అటు పోనివ్వకండి. కుప్పను నీళ్లతో తడిపించి టార్పాలిన్ కప్పించండి. చీపురుతో ఊడ్పించొద్దు, పడిన పొడిని తడి గుడ్డతో తీసి ఆ గుడ్డను కూడా సంచిలోనే వేయాలి.

పాత ఏసీ పైపులను నేలలోనే ఉంచి, రెండు కొసలూ కాంక్రీటుతో మూసి, మ్యాపు మీద గుర్తు పెట్టడం అన్నిటికంటే సులువైన, క్షేమమైన దారి. తవ్వి తీయాల్సిన అవసరమే లేని చోట కూడా తీస్తున్నారు. తీశాక మాత్రం అది చెత్త కాదు. 2016 హానికర వ్యర్థాల నిబంధనల జాబితాలో రాతినార వ్యర్థాలు ఉన్నాయి. పైపులను పగలగొట్టకుండా పొడుగ్గానే పాలిథీన్‌లో చుట్టి హానికర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. తెలంగాణకు దుండిగల్‌లో, ఆంధ్రకు విశాఖ దగ్గర పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, పని చేయించిన శాఖకు రెండింటికీ ఒకే రోజు ఉత్తరం రాయండి. ఎన్ని పైపులు, ఎంత పొడవు, బడి గోడకు ఎన్ని అడుగుల దూరం అన్నవి రాసి ఫోటోలు జతచేయండి. ఆ పైపులు చెట్లకు కంచెలుగా, పొలం తూములుగా, పొయ్యి గొట్టాలుగా ఇళ్లకు పట్టుకుపోయి ఉంటే వాటినీ తిరిగి తెప్పించమని అడగండి. కోసి, రంధ్రాలు పెట్టి వాడుకునేది అక్కడే.